ఆది జాకెట్టు

ఫొటో స్టూడియో కింద అద్దె బట్టల కొట్టు నడిపే ఆవిణ్ణి ఆ వీధిలో అందరూ సూదులక్క అంటారు. పొద్దున షట్టర్ లేపింది మొదలు ఆవిడ పెదాల మధ్య నాలుగైదు గుండుసూదులు ఉండాల్సిందే. అవి ఉన్నంతసేపూ మాట్లాడదు. "కదలకండి" అన్న ఒక్క మాట మాత్రం ఆ సందులోంచే ఎలాగో బయటికొస్తుంది. కోపమొచ్చినా, ఏడుపొచ్చినా గబుక్కున సూదులు నోట్లో పెట్టుకోవడం ఆవిడకి చిన్నప్పటి నుంచీ అలవాటు. పనంటే ఎంత శ్రద్ధో అని కొత్తవాళ్ళు మెచ్చుకుంటారు. అసలు సంగతి తల్లికి తెలుసు.

నిశ్చితార్థం ఫొటోలు దిగే జంటలు పైకి వెళ్ళే ముందు కిందే ఆగి బట్టలు ఎంచుకుంటారు. అమ్మాయి పదో గౌను వేసుకుని అద్దం ముందు గిర్రున తిరుగుతుంటే, అబ్బాయి ఫోన్లోంచి తలెత్తకుండా "నీకేది బాగుంటే అదే" అంటాడు. తెలివితక్కువ సన్నాసి! ఆ మాటతోనే సగం గొడవలు మొదలవుతాయి. సూదులక్క వాళ్ళ మధ్య దూరి, గౌను వెనక పట్టుకుని గుప్పెడు గుడ్డ లాగి, వరసగా క్లిప్పులు పెట్టేస్తుంది. ముందు నుంచి చూస్తే రాణీగారు. వెనక నుంచి చూస్తే బట్టలారేసిన తీగ. కెమెరాకి వీపుతో పనేముంది?

ఆ కొట్లో ఒకటే నియమం. అద్దె బట్టకి కత్తెర పెట్టకూడదు. ఇవాళ ఒకరి ఒంటికి కోస్తే రేపు ఇంకొకరికి పనికిరాదు. ఈ నియమం పెట్టింది తల్లే. భర్త పోయాక, బడికెళ్ళే పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, రెండు పాత సూట్లతో మొదలుపెట్టిన కొట్టు అది. ఇప్పుడామె తెర వెనక ఇస్త్రీ చేసుకుంటూ ఉంటుంది. పెత్తనమంతా కూతురిదే. సూదులక్కకి నలభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "మా అమ్మనెవరు చూసుకుంటారండీ?" అనేది. ఆ జవాబు విని జనం అయ్యో అనేవాళ్ళు. అలా అయ్యో అనిపించుకోవడం ఆవిడకి కొంచెం బాగానే ఉండేది కూడా.

ఒకరోజు మధ్యాహ్నం వాన పడుతుంటే వీధి చివర మారు తాళంచెవులు చేసే పెద్దాయన గొడుగు మూసుకుంటూ లోపలికొచ్చాడు. అందరికీ ఆయన తాళాలాయన. సూదులక్కకి మాత్రం బాబాయ్.

"రండి బాబాయ్. మీరు బాగుచేశాక షట్టర్ వెన్నలా లేస్తోంది."

"షట్టర్ కోసం కాదమ్మా. బట్టలు కావాలి, ఫొటోలకి." ఆయన గొంతు సవరించుకున్నాడు. "నిశ్చితార్థం."

"ఎవరిదీ?" అంటూ సూదులక్క తీసిన సూదులు మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

"నాదే."

సూదులక్క నోట్లో ఉన్న సూది గొంతులోకి జారినంత పనైంది. గబగబా అన్నీ తీసి చేతిలో పట్టుకుంది. భార్య పోయిన మనిషి, తల నెరిసిన మనిషి, ఎవరైనా పలకరిస్తే చేతిలో తాళంచెవులు అరగదీసే ఆకురాయిని చూస్తూ జవాబు చెప్పే మనిషి. ఈయనకి నిశ్చితార్థమా! పైగా ఫొటోలా! ముందు నోరు తెరుచుకుని ఉండిపోయింది, ఆ తర్వాత నవ్వాగలేదు.

"గడుసువారే బాబాయ్! ఏమీ ఎరగనట్టుంటారు. రండి, రండి, మిమ్మల్ని పెళ్ళికొడుకుని చేసేస్తాను."

ముదురు నీలం కోటు తొడిగి, వెనక క్లిప్పులు బిగించింది. ఆయన అద్దంలో తనని తాను చూసుకుని భయపడ్డాడు. ఆవిడ మరీ నవ్వింది.

"మరి ఆవిడకేం చూపించను?"

ఆయన అద్దాల కిటికీ వైపు చెయ్యి చూపించాడు. అక్కడ బొమ్మకి తొడిగి ఉంది ఎర్ర గౌను. కొట్టు మొత్తంలో ఖరీదైనది అదే.

"అదా? ఈ వయసులో ఎరుపేంటి బాబాయ్, జనం నవ్విపోరూ? బూడిదరంగుది ఉంది, మెడదాకా మూసి హుందాగా ఉంటుంది. అయినా ఆ పెద్దావిడకి ఇంత మాత్రం చెప్పేవాళ్ళు లేరా? పిల్లలున్నారా?"

"ఒక కూతురుంది."

"ఆ పిల్లేమంటోంది?"

"ఆవిడ ఇంకా చెప్పలేదు. భయపడుతోంది."

"భయపడదూ మరి! నేనైతేనా, కాళ్ళు విరగ్గొట్టి ఇంట్లో కూర్చోబెడతాను." అని పకపకా నవ్వింది. తెర వెనక ఇస్త్రీ పెట్టె చప్పుడు ఎప్పుడాగిపోయిందో ఆవిడ గమనించనేలేదు.

"కొలతలు కావాలి. ఆవిణ్ణే తీసుకురాకపోయారా?"

"ఆది ఇచ్చింది," అని ఆయన సంచీలోంచి మడత పెట్టిన ఆకుపచ్చ జాకెట్టు తీసి బల్ల మీద పెట్టాడు.

ఆది జాకెట్టు చేతికొస్తే లోపలివైపు తిరగేసి కుట్టు చూడటం సూదులక్క అలవాటు. తిరగేసింది. ఎడమ చంక కింద నీలం గుడ్డ అతుకు కనిపించింది. తను మొట్టమొదట కుట్టిన జాకెట్టు అది. చంక దగ్గర ఎక్కువ కోసేసి, ఏడుస్తూ, తన బడి బట్టల గుడ్డముక్క తెచ్చి అతికించింది. అమ్మ అదే వేసుకుని వీధంతా తిరిగి, మా అమ్మాయి కుట్టిందని అందరికీ చెప్పుకుంది.

చేతిలో సూదులు గచ్చు మీద చెల్లాచెదురయ్యాయి. ఉన్న మాట అంత స్పష్టంగా కళ్ళ ముందుంటే మనిషి బుద్ధి ఎంత దూరం పారిపోతుందో చూడండి. ఆవిడకి తోచింది ఇదీ:

"దొంగతనానికి మా ఇల్లే దొరికిందా? తాళాలు తీయడం వచ్చని మా అమ్మ పెట్టె తెరుస్తారా? పెద్దమనిషని బాబాయ్ బాబాయ్ అని పిలిచాను కదండీ!"

ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. కోటు వెనక క్లిప్పు ఒకటి ఊడి కింద పడింది.

తెర పక్కకి జరిగింది. "నేనే ఇచ్చాను," అంది తల్లి.

సూదులక్క ఆయన్ని చూసింది, అమ్మని చూసింది, మళ్ళీ జాకెట్టుని చూసింది.

"నోటితో చెప్పే ధైర్యం లేకపోయిందే. ఆది చూస్తే నీకే తెలుస్తుందనుకున్నాను."

"ఎప్పట్నించి?"

గోడ మీద మేకుకి వేలాడుతున్న తాళంచెవుల గుత్తి వైపు కూతురి కళ్ళు వెళ్ళాయి. పోయిన ఏడాదంతా అమ్మ తాళంచెవి పారేసుకుంటూనే ఉంది. మతిమరుపు వస్తోందని తను బెంగపెట్టుకుంది. డాక్టరు దగ్గరికి కూడా లాక్కెళ్ళింది.

"అంటే అమ్మా, తాళంచెవి అన్నిసార్లు..."

"ఒక్కసారి నిజంగానే పోయిందే," అంది తల్లి తలదించుకుని.

నవ్వు రావాల్సిన చోట సూదులక్కకి ఏడుపు ముంచుకొచ్చింది. "నేను నీకోసం పెళ్ళే మానుకున్నానమ్మా!"

"మానుకోమని నేనెప్పుడన్నాను? వచ్చిన ప్రతి సంబంధానికీ నన్నే అడ్డం పెట్టుకున్నావు. నీకు ఇష్టం లేదేమోలే అని ఊరుకున్నాను." ఆ మాటలో కోపం లేదు. అందుకే సూటిగా తగిలింది. రేపట్నుంచి సాయంత్రం షట్టర్ దించి ఎవరితో కలిసి ఇంటికెళ్ళాలి? ఇన్నేళ్ళూ అమ్మని తను చూసుకుంటోందనుకుంది. అడగవలసిన ప్రశ్న తనని ఎవరు చూసుకుంటారన్నది.

తాళాలాయన కోటు విప్పబోయాడు. "వెళ్ళొస్తానమ్మా. మీ ఇద్దరూ..."

"ఉండండి," అంది తల్లి ఆయనతో. కూతురి వైపు తిరిగి మెల్లగా అంది. "నువ్వన్నది విన్నాను. నిజమేలే. జనం నవ్వుతారు. ఆ బూడిదరంగుదే ఇవ్వు."

సూదులక్కకి ఆ క్షణంలో తన నాలుక కోసేసుకోవాలనిపించింది. ఎర్ర గౌనుని ప్రతి వారం ఇస్త్రీ చేసేది అమ్మే. ఎవరెవరి ఒంటికో. ఒక్కసారైనా "నువ్వు వేసుకుని చూడమ్మా" అని తను అన్నదా?

కిటికీ దగ్గరికెళ్ళి, బొమ్మ ఒంటి మీంచి గౌను ఒలిచి, తల్లిని తెర చాటుకి లాక్కెళ్ళి తొడిగింది. అద్దం ముందుకి తెచ్చి వీపు తనవైపు తిప్పుకుంది. గుప్పెడు గుడ్డ లాగింది. ఇంకా వదులే. రెండో చెయ్యి కూడా వేసింది. అయినా వదులే. ఆ ఆకుపచ్చ జాకెట్టు ఇక ఆదిగా పనికిరాదు. ఊళ్ళో వాళ్ళందరి వీపులూ కొలిచిన మనిషి, అమ్మ ఇలా చిక్కి సగమైపోవడం చూడలేదు. భుజాల ఎముకలు చేతికి తగులుతుంటే భయమేసింది. ఈ మనిషికి ఇంకెన్ని రోజులు ఆనందం వాయిదా వెయ్యాలనుకుంది తను?

అద్దంలో చూస్తే అమ్మ కళ్ళు మెరుస్తున్నాయి. తలుపు దగ్గర తాళాలాయన ఆకురాయి కాకుండా మరొకదాన్ని రెప్పవేయకుండా చూడటం ఆ వీధిలో అదే మొదటిసారి అయ్యుంటుంది.

సూదులక్క క్లిప్పుల డబ్బా పక్కకి నెట్టేసింది. సొరుగు లాగి కత్తెర తీసింది. వెనక కుట్టు దగ్గర పట్టుకుని కరకరా కోసేసింది.

"ఒసేయ్! అద్దె బట్టకి కత్తెర పెడతావా!" తల్లి అదిరిపడింది. "రేపు ఇంకెవరికిస్తావే దీన్ని?"

సూదులక్క కింద పడ్డ సూదులు ఏరుకుని, గబుక్కున నోట్లో పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"కదలకమ్మా," అంది.