నురగ తగ్గించిన చెయ్యి

మునగపాక దేముడికి నురగంటే పడదు. పద్దెనిమిదేళ్లు బెల్లం వండినవాడికి ఎలా పడుతుంది చెప్పండి! చెరకురసం మరిగి నురగ పెనం అంచు దాకా లేచిందంటే, చుక్క ఆముదం వేసి అణచాలి. లేదంటే రసమంతా పొయ్యిపాలు. ఆ అలవాటు అతని చేతిలో ఇంకిపోయింది. అది బుర్రని అడిగి పనిచెయ్యదు.

అలాంటివాణ్ణి తీసుకెళ్లి, అనకాపల్లి దగ్గర శారదా నది అడుగున మంచినీళ్ల గొట్టం కోసం తవ్వుతున్న సొరంగంలో, నురగ వాల్వు దగ్గర కూర్చోబెట్టారు. ఇంజనీరు బిందుమాధవి మొదటిరోజే చెప్పింది. సొరంగం తవ్వే మిషను ముందున్నది తడి ఇసక, దాని పైన నది. నురగ కలిస్తేనే ఆ ఇసక ముద్దకట్టి, మట్టి బయటికొచ్చే గొట్టంలో బిరడాలా నిలబడుతుంది. నురగ తగ్గిందా, నీళ్లు లోపలికొచ్చేస్తాయి. దేముడు తలూపాడు. తలూపడానికేం!

ఆ మట్టి గొట్టం మూతి దగ్గర గేటు చూసుకునేది అతని బావ పరదేశి, అక్క నూకరత్నం మొగుడు. అతనూ బెల్లం వండినవాడే. ఒకరోజు దేముడు వాల్వు దగ్గరుంటే పరదేశి గేటు దగ్గర, మర్నాడు తారుమారు.

శుక్రవారం మధ్యాహ్నం, గొట్టంలోంచి పడ్డదాన్ని మోసుకుపోయే బెల్టు మీద మట్టి తెల్లగా పొంగి అంచులు దాటింది. దేముడి చెయ్యి వాల్వుని రెండు చుట్లు బిగించేసింది. పొంగు అణిగింది. హమ్మయ్య అనుకున్నాడు కూడాను, పిచ్చిమారాజు.

కాసేపటికి గొట్టం మూతిలోంచి మట్టికి బదులు బురదనీళ్లు ఎగదన్నాయి. పరదేశి గేటు మూయబోతే గులకరాయి అడ్డుపడి సగంలో పట్టేసింది. నీళ్ల విసురుకి అతను వెల్లకిలా పడ్డాడు. దేముడికి నది మొత్తం నెత్తిన కూలుతున్నట్టే ఉంది. అక్కకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? బిందుమాధవికి ఫోన్ చేశాడు.

“మేడమ్, నురగ నానే తగ్గించేసేను.”

ఆవిడ తిట్టలేదు. వాల్వు పూర్తిగా తెరవమంది. మిషను ముందుకి కదలకుండా దాని మూతికున్న, ఇసక కోసే చక్రాన్ని ఉన్నచోటే తిప్పించింది. నురగ ఇసకలో కలిసేదాకా దేముడు వాల్వు మీంచి చెయ్యి తియ్యలేదు. మెల్లగా ధార సన్నబడింది, బురద చిక్కబడింది. అతను పరుగెత్తి గుప్పెడు తీసి, పాకం చూసినట్టు వేళ్ల మధ్య ఉండ కట్టాడు. ఉండ నిలిచింది.

పరదేశి నిలువెల్లా బురదతో లేచి కూర్చున్నాడు. దేముడు అతని కాళ్లు పట్టుకుని, చేసిన తప్పంతా చెప్పేశాడు.

“ఊరుకోరా బామ్మర్దీ,” అన్నాడు పరదేశి. “నిన్న నాకూ సెయ్యి అటే పోయింది. నురగ సూత్తే మనం ఊరుకోగలమేటి?”

ఓదార్చడానికే అన్నాడు, పాపం. దేముడికి అసలు భయం అప్పుడు పట్టుకుంది. రేపు వాల్వు దగ్గర పరదేశి. గేటు దగ్గర తను.