గోడ మీద మేడమ్ గీత

మా రీసెర్చ్ గైడు మేడమ్ పోయారని పొద్దున్నే ఫోను వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. ఆ రోజంతా ఏడ్చాను. ఇప్పుడు ఏడుపు కాదు, ఒళ్లు మండుతోంది. ఆవిడ పెద్దకర్మ కాకముందే డిపార్ట్‌మెంటు వాళ్లు పీహెచ్‌డీ శిక్షణలోంచి ‘గల్లీ పరీక్ష’ తీసేశారు. దాని బదులు ఆన్‌లైన్ పాఠమట!

నగరపాలనలో యాప్‌లూ కంప్యూటర్లూ జనానికి ఏపాటి పనికొస్తున్నాయో చూడటం మా పరిశోధన. ఎవరు కొత్తగా చేరినా మొదట్లో మేడమ్ కంప్యూటరు ముట్టుకోనిచ్చేవారు కాదు. ‘పరిష్కారమైంది’ అని యాప్‌లో ఉన్న ఫిర్యాదులు కొన్ని ఇచ్చి, ఆ ఇళ్లకు నడిచి వెళ్లి రమ్మనేవారు. పని నిజంగా జరిగితే ఇంటివాళ్లను అడిగి గడప పక్కన గోడ మీద సుద్దగీత పెట్టాలి. జరగకపోతే పెట్టకూడదు. అదే గల్లీ పరీక్ష. ఆవిడ కళ్లజోడు డబ్బాలో ఎప్పుడూ సుద్దముక్కలే. కళ్లజోడేమో తల మీద పెట్టుకుని ఊరంతా వెతికేవారు.

మొదటి ఏడాది నేనో తప్పు చేశాను. సైదాబాద్‌లో ఒక గల్లీలో మోరీ, అంటే మురుగుకాలువ, పొంగుతోందని ఫిర్యాదు. యాప్‌లో శుభ్రమైన మోరీ ఫొటో ఉంది. ఎండకు బద్ధకించి, వెళ్లకుండానే ‘అయింది’ అని రాసిచ్చాను. మేడమ్ కాగితం చూసి, సంచి భుజాన వేసుకుని, “నడువు” అన్నారు. వెళ్లి చూస్తే మురుగు వాకిట్లోకి వచ్చేసింది. ఆ ఫొటో పక్క గల్లీది. ఇంటి పెద్దమ్మ ఇటుకల మీద నిలబడి లొల్లి పెట్టింది.

“ఏంది బిడ్డా, ఫోన్ల అయిపోయిందని వస్తది. ఈడ కాలు పెట్టనీకి జాగ లేదు!”

మేడమ్ కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఆ నీళ్లలోకి దిగారు. నన్నూ దిగమన్నారు. “నువ్వు రాసింది గీడ నిలబడి చదువు.” చదివాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆటోలో ఒకటే మాట అన్నారు. “ఆఫీసోళ్లు చూడకనే రాసిన్రు. నువ్వు గూడ చూడకనే రాసినవ్. ఇగ నీకు డాక్టరేట్ ఎందుకియ్యాలె?”

సంతాపసభలో ఆవిడను ఆకాశానికెత్తిన డిపార్ట్‌మెంటు పెద్దాయనే బయటికి వచ్చాక నన్ను పక్కకు పిలిచాడు.

“ఆ గల్లీల చాప్టర్ తీసెయ్యమ్మా. థీసిస్ జల్దీ అయితది. డేటా ఉండంగ మళ్ల నడుసుడెందుకు?”

“తియ్యను సార్,” అన్నాను. డిగ్రీ ఆగితే ఆగనీ. దండ వేసిన చేతులతోనే ఆవిడ పనిని చెత్తబుట్టలో వేయడానికి వీళ్లకు మనసెలా ఒప్పింది?

మొన్న ఆ గల్లీకి వెళ్లాను. యాప్‌లో ఫిర్యాదు మళ్లీ పరిష్కారమైంది. మోరీ మళ్లీ పొంగుతోంది. “మీ మేడమ్ రాలే?” అంది పెద్దమ్మ. చెప్పాను. పెద్దమ్మ గోడ చూపించింది. కొత్తగా సున్నం వేయించింది కానీ, గడప పక్కన అరచేయంత చోటు వదిలేసింది.

“మేడమ్ గీతకని ఉంచిన బిడ్డా. నువ్వన్న పెడ్తవా?”

సుద్దముక్క నా చేతిలోనే ఉంది. కాళ్ల కింద మురుగు పారుతోంది. సుద్దను తిరిగి సంచిలో వేసుకున్నాను. ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది.