ఆవిడకి ఒకే పెళ్ళి

“ఈ బొమ్మలో ఆవిడ చివరికి ఏమవుతుంది?” అని అడిగాను.

“ఆ పిల్లనడుగు. దానికి ఇంగ్లీషొచ్చు,” అన్నాడాయన, కళ్ళు తెరవకుండానే.

వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో మా ఆయనా నేనూ అనుకున్న ఆఖరి మాటలు అవే. ఎదురుగా టీవీలో పాత అమెరికా సినిమా ఏదో వస్తోంది. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి ఆయన లేడు.

ఆ పిల్ల అంటే ఇప్పుడు నేను చెబుతుంటే ఇది రాస్తున్న మా చెల్లెలి కూతురే. శనివారాలు గిరావీన్‌లో మా అమ్మాయి ఇంటికి వస్తుంది.

ఆయన మా ఊరి సినిమాహాల్లో ఆపరేటరు. ఆదివారం పొద్దున ఆటకి ఇంగ్లీషు బొమ్మలు వేసేవారు. వాటిలో ఒక అమెరికా తార ఉండేది. ఆవిడ పేరు ఆయనకి నోరు తిరగదు, పెద్దకళ్ళావిడ అనేవాడు. మిషను చప్పుడులో మాటలు వినపడేవి కావు, వినపడినా తెలిసేవి కావు. గోడకున్న కంతలోంచి చూసి కథ ఆయనే అల్లుకునేవాడు. ఇంటికొచ్చి, నేను చేపలు కడుగుతుంటే పక్కన పీట వేసుకుని చెప్పేవాడు. ఆవిడ సినిమాలన్నీ ఆయనకి ఒకటే కథ. మొదట కొట్లో గుడ్డలమ్మే పిల్ల, తర్వాత ఓడలో పెళ్ళి, ఆ తర్వాత ముగ్గురు బిడ్డల తల్లి. జుట్టు నెరిసేదాకా ఒకడే మొగుడు. మొగుడి వేషానికి వేరే మనిషి వస్తే, “జబ్బుచేసి చిక్కిపోయాడు, అంతే,” అనేవాడు.

ఈ దేశంలో అమ్మాయి దగ్గరికొచ్చాక మధ్యాహ్నాలు టీవీలో అవే సినిమాలు. ఇంట్లోవాళ్ళు పనులకి పోయాక ఇద్దరం సోఫాలో కూర్చునేవాళ్ళం, ఆయన మళ్ళీ చెప్పేవాడు.

ఒక శనివారం ఈ పిల్ల కూడా కూర్చుంది. ఆవిడ రైలెక్కుతోంది.

“పుట్టింటికి పోతోంది. దీపావళికి వచ్చేస్తుంది,” అన్నాడాయన.

“లేదు పెదనాన్నా, షి ఈజ్ లీవింగ్ హిమ్. డివోర్స్,” అని ఇది నవ్వింది. ఫోన్‌లో వెతికి, “రియల్ లైఫ్‌లో కూడా అంతే పెద్దమ్మా. మూడు పెళ్ళిళ్ళు. యాభై దాటాక రోల్స్ రాలేదు. లాస్ట్‌లో పెద్ద ఇంట్లో ఒక్కతే, నర్సుతో ఉండేదట,” అంది.

నేనూ నవ్వాను. “ఇన్నేళ్ళూ నాకు కోతలు కోశావన్నమాట,” అన్నాను.

ఆయన రిమోటు ఈ పిల్ల చేతిలో పెట్టి, టీ పెట్టుకుంటానని లేచాడు. ఆ తర్వాత ఎప్పుడైనా కథ ఎత్తుకోబోతే, “ఉండు, దానికి ఇంగ్లీషొచ్చు, అది చెబుతుందిలే,” అనేదాన్ని నేనే. ఆయన ఇక చెప్పడం మానేశాడు.

ఆసుపత్రిలో ఆ మాట ఎగతాళికన్నాడో, నొచ్చుకుని అన్నాడో నాకు తెలియడం లేదు. మనిషి ఉంటే అడుగుదును.

ఆవిడ అసలు సంగతి ఫోన్‌లో ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. ఆయన చెప్పింది నాకొక్కదానికే తెలుసు, అదీ జారిపోతోంది. ఓడ దిగాక కాపురం ఏ ఊళ్ళో పెట్టారన్నాడో నిన్నంతా తన్నుకున్నా గుర్తుకు రాలేదు. అందుకే దీన్ని కూర్చోబెట్టి రాయిస్తున్నాను.

ఇక రాసింది చదువమ్మా. నీకు తప్పనిపించినచోట ఆగకు, దిద్దకు. నా చెవి మందం, కొంచెం గట్టిగా చదువు.