చింతపండు దిమ్మ

ఏ సంచి ఎత్తబోయినా లెచ్చుమి ముందు దాని అడుగున అరచెయ్యి పెట్టి నొక్కుతుంది. కూరల సంచైనా, గుడికి తీసుకెళ్లే కొబ్బరికాయల సంచైనా. నొక్కి, కాసేపు ఆగి, అప్పుడు ఎత్తుతుంది. మలయ్ దేశంలోని సుంగై సుమున్ ఊళ్లో జనం మొదట్లో నవ్వారు. ఇప్పుడు చూపు తిప్పుకుంటారు.

పెళ్లైన దగ్గర నుంచి ఆమె పామాయిల్ తోటలో పనిచేసింది. భర్త పేరు అప్పడు. అతను పోయాక ఊరగాయలు పెట్టి అమ్మింది, కొడుకు కవిన్‌ను పెంచింది. ఆ తోట మనుషులకు ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఇపో పట్నం వెళ్తున్నారని తెలిస్తే, ఇరుగుపొరుగు అక్కడున్న తమవాళ్ల కోసం సంచులు తెచ్చి ఇస్తారు. లోపల ఏముందని అడగకూడదు. అడిగితే నమ్మలేదని అర్థం. పైగా, మోసుకెళ్లే ఇల్లు ఆ సంచిలో తన వంతుగా ఏదో ఒకటి వేసి పంపాలి. లేకపోతే ఆ ఇంటి చెయ్యి చిన్నదంటారు.

దొరసామి ఒకప్పుడు తోట కూలీల ఇళ్ల లైనులో పక్కింటివాడు. కవిన్ ఫ్యాక్టరీ పనికి ఇపో వెళ్తున్నాడని విని, అక్కడున్న కూతురికి ఇమ్మని ఒక సంచి తెచ్చాడు. టీ తాగాడు, అప్పణ్ణి తలుచుకున్నాడు, వెళ్లిపోయాడు. లెచ్చుమి సంచి మూతి విప్పింది. మామిడికాయ ఊరగాయ సీసా పట్టేలా చెయ్యి లోపలికి తోసి చోటు చేసింది. చేతికి గట్టిగా, పలకలా ఏదో తగిలింది. చింతపండు దిమ్మ అనుకుంది. సీసా పెట్టి, మూతి కట్టి, కొడుకు చేతికి ఇచ్చింది.

దారిలో పోలీసులు మోటారుసైకిల్ ఆపారు. సంచి ఎవరిదని అడిగితే కవిన్ నవ్వి, మా అమ్మ ఊరగాయ అన్నాడు. సీసా కింద ప్లాస్టిక్ చుట్టిన గంజాయి పలకలున్నాయి. ఆ తర్వాత కవిన్ నోరు విప్పలేదు. విప్పితే అమ్మ పేరు మళ్లీ చెప్పాల్సి వస్తుంది. చాలా రోజుల తర్వాత దొరసామి పేరు చెప్పాడు. అప్పటికి దొరసామి ఇంటికి తాళం ఉంది.

ఇపోలోని లాయరు యోగేశ్వరి, లెచ్చుమిని ఎదురుగా కూర్చోబెట్టి మెల్లగా చెప్పింది. సంచి ఎవరి చేతిలో దొరికితే లోపలిది వాళ్లదే, అదేమిటో వాళ్లకు తెలుసు అని చట్టం ముందే అనుకుంటుంది. తెలియదని మనం చూపాలి. తూకం ఒక గీత దాటితే, అమ్మడానికే తీసుకెళ్తున్నాడంటుంది. ఈ పలకలు ఆ గీతను ఎప్పుడో దాటాయి. దానికి ఉరి. ఈమధ్య చట్టం మారింది కాబట్టి జడ్జి ఉరికి బదులు జైలు వేయొచ్చు.

"దొరసామి పేరు మొదటి రోజే చెప్పి ఉంటే బలం ఉండేది ఆంటీ. ఇప్పుడు చెబితే కట్టుకథ అంటారు."

"నన్ను తప్పించాలని సూసినాడమ్మా ఆడు."

సంచిలో చెయ్యి పెట్టానని సాక్ష్యం చెబితే ప్రభుత్వ లాయరు దాన్నే పట్టుకుంటాడని, కేసు ఆమె మీదికి కూడా రావచ్చని యోగేశ్వరి హెచ్చరించింది. అయినా చెబుతానంది లెచ్చుమి. పక్కింటి చిన్నతల్లి మాత్రం వేరే దారి చూపించింది.

"సంచిలో సెయ్యి ఎట్టనేదని సెప్పు వదినా. ఎవులు సూసినారు?"

కోర్టులో ప్రభుత్వ లాయరు మలయ్ భాషలో అడిగాడు, చేతికి ఏదైనా తగిలిందా అని. బోనులో కవిన్ తల అడ్డంగా కదిపాడు, ఆమెకు మాత్రమే తెలిసేంత. లెచ్చుమి తన కుడి చెయ్యి చూసుకుంది. తగిలింది, చింతపండు అనుకున్నాను అంది. తీసి చూశావా? లేదు. అడిగావా? లేదు. ఎందుకని? మా దగ్గర అడగరు అంది. జడ్జి తల ఎత్తి చూశాడు, మళ్లీ రాసుకున్నాడు.

తీర్పు రోజున జడ్జి ఆ ఊరగాయ సీసా దగ్గరే ఆగాడు. సంచిని ఆ ఇంట్లోనే విప్పారు, మళ్లీ కట్టారు. లోపలిది తెలియదంటే నమ్మలేనన్నాడు. దొరసామి ఒక పేరు మాత్రమే, మనిషిని ఎవరూ చూపలేదన్నాడు. ఉరి వేయలేదు. ముప్పై ఏళ్ల జైలు, పన్నెండు బెత్తం దెబ్బలు.

ఇంట్లో తెలుగులో అడిగితే ఎప్పుడూ మలయ్‌లో జవాబిచ్చే కవిన్, పోలీసుల మధ్య నడుస్తూ వెనక్కి తిరిగాడు.

"అమ్మా, తిన్నావా?"

తిన్నానంది. తినలేదు. ఇంటికొచ్చాక కూడా కంచం ముందు చెయ్యి చాపి అలాగే కూర్చుంది. చింతపండైతే వేలు పెడితే కొంచెమైనా దిగుతుంది. అది దిగలేదు. ఆ సంగతి అప్పుడు చేతికి తెలిసిందా? తెలిసీ తనకు చెప్పలేదా? కేసు నడిచినన్నాళ్లూ, ఎత్తిన ప్రతి సంచి అడుగునా నొక్కుతూ ఆమె చేతిని ఇదే అడిగింది. చెయ్యి మాట్లాడదు.

మర్నాడు పొద్దున అప్పీలు కాగితాల మీద వేలిముద్ర వేయడానికి ఇపో బయలుదేరింది. బస్సు ఆగేచోట చిన్నతల్లి ఒక సంచి పట్టుకుని నిలబడి ఉంది. ఇపోలో ఉన్న తన చెల్లెలికి ఇమ్మంది, మొహమాటంగానే. లెచ్చుమి ఈసారి అడుగున నొక్కలేదు. సంచిని సిమెంటు అరుగు మీద పెట్టి మూతి విప్పింది. ఎండుచేపలు, మునక్కాయలు, మడతపెట్టిన చీర, ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. అడుగున ప్లాస్టిక్ చుట్టిన దిమ్మ ఒకటి ఉంది. చిన్నతల్లి మొహం పక్కకు తిప్పుకుంది. లెచ్చుమి ప్లాస్టిక్ చింపి, గోటితో కొంచెం గిల్లి, నాలుక మీద వేసుకుంది.

పుల్లగా ఉంది.

అన్నీ తిరిగి సర్దింది. తన వంతు ఏమీ వేయలేదు. మూతి కట్టి, సంచి ఎత్తుకుని బస్సెక్కింది.