పెద్దకోడలి జాబు

ఇస్త్రీకిచ్చిన నేత చీర తిరిగొచ్చినప్పుడు మడతల్లోంచి గంజి వాసన సన్నగా, పుల్లగా ముక్కుకు తగిలితే ఎవరికైనా మగ్గమో, ఎండలో చాచిన పడుగో గుర్తుకు రావాలి. నాకు మాత్రం టెలివిజన్ గుర్తుకొస్తుంది. ఈ మాటంటే మా పిల్లలు నవ్వుతారు. నవ్వరూ మరి, టీవీకి వాసనేమిటి? కానీ ఎమ్మిగనూరులో మా వీధంతటికీ ఉన్న ఒక్కగానొక్క టీవీ మగ్గాల మల్లప్ప ఇంట్లో ఉండేది, పడుగుకు పట్టించే గంజి వాళ్ళ పెరట్లోనే పెద్ద గుండిగలో ఉడుకుతుండేది. కాబట్టి నేను చిన్నప్పుడు చూసిన ప్రతి ఏడుపూ, పెళ్ళీ, పాటా, చివరికి ఢిల్లీ వార్తలూ ఆ గంజి వాసనలోనే చూశాను.

ఆదివారం పొద్దున తలంట్లు ముగించుకుని, తడి జుట్టు వీపు మీద వదిలేసుకుని, బొరుగులు తడిపి పిండి ఉల్లిగడ్డా పచ్చిమిరపకాయా పుట్నాలపొడీ వేసి చేసిన ఉగ్గాని గిన్నెలోంచి తీరిగ్గా తినే ఓపిక కూడా లేక, సగం దోసిట్లో పోసుకుని పరిగెత్తేవాళ్ళం. నాలుగు మగ్గాలు గుంటల్లో ఉండగా మిగిలిన చోట చాపలు పరిచేవారు. ఎండాకాలమైతే ఆడవాళ్ళు విత్తనానికి ఒలవాల్సిన శెనక్కాయలు ఒళ్ళో పెట్టుకుని వచ్చేవాళ్ళు, చలికాలమైతే అనపకాయలు తెచ్చుకునేవాళ్ళు, చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే కళ్ళు తెరకు అతుక్కునేవి. అది నలుపు తెలుపుల పెట్టె, పక్కలకు జరిపే చెక్క తలుపులుండేవి. ఆ తలుపులు తీసే హక్కు మల్లప్పది. ఆయన ఉన్న నాలుగు మగ్గాలనూ ఆపి, చేతులు కడుక్కుని, పెళ్ళిలో తెర తీసే పంతులంత నిదానంగా తలుపులు జరిపేవాడు. ఆ నిదానం నాకు ఒళ్ళు మంటగా ఉండేది.

అందరం చూసేది హిందీ సీరియల్. హిందీ వచ్చినవాళ్ళు ఆ గదిలో ఒక్కరే, గాజుల ఖాజాబీ. వారమంతా గాజుల మలారం భుజాన వేసుకుని గోనెగండ్ల దాకా ఊళ్ళు తిరిగే ఆమె, ఆదివారం మాత్రం టీవీ పక్కన గోడకానుకుని కూర్చుని, తెర వైపు ఒక కన్నూ మా వైపు ఒక కన్నూ పెట్టి, అక్కడ వాళ్ళు అన్నదల్లా ఇక్కడ మాకు తెలుగులో చెప్పేది. వాళ్ళు గుక్క తిప్పుకోకుండా మాట్లాడితే ఈమె "వద్దంటాండాడు" అని ఒక్క ముక్కలో తేల్చేసేది. వాళ్ళు ఊరికే నిట్టూరిస్తే ఈమె నాలుగు మాటలు చెప్పి కళ్ళు కూడా తుడుచుకునేది. ఎవరూ తప్పు పట్టేవారు కారు. మాకు సీరియల్ అంటే తెరా ఖాజాబీ కలిసిందే.

ఆ సీరియల్‌కు పేరేదో ఉండేది గానీ మా వీధిలో దాన్ని పెద్దకోడలి కత అనే అనేవాళ్ళు. ఒక పల్లెలో పెద్ద ఇల్లు. పెద్దకొడుకు నాలుగేళ్ళ కిందట కలకత్తా పోయి ఉత్తరం ముక్క కూడా వేయలేదు. ముసలి మామనూ, ఆ ఇంటినీ, అప్పుడప్పుడే మీసం వస్తున్న మరిదినీ పెద్దకోడలే ఈదుకొస్తూ, పశువుల కొట్టం బాగు చేసి ఆడపిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టింది. మొగుడు తిరిగొస్తాడా, వస్తే ఈమె ఏం చేస్తుంది, ఇదే కథ. వేసవి పరీక్షలయ్యాక మొదలైంది. వానలు పడేసరికి మా వీధి ఆడవాళ్ళకు ఆమె సొంత మనిషైపోయింది.

అందరికంటే ఎక్కువగా మా గౌరత్తకు. గౌరత్త మా నాన్నకు చెల్లెలు. మొగుడు ఆరేళ్ళ కిందట ఒక పొద్దున బళ్ళారి బస్సెక్కి మళ్ళీ కనబడలేదు. అప్పటినుంచీ మా ఇంట్లోనే ఉండేది. పగలు మల్లప్ప ఇంట్లో రాట్నం ముందు కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుట్టేది, సాయంత్రం మా అందరికీ జొన్నరొట్టెలు తట్టేది, నాకు జడ వేసేది. మా అమ్మ వేస్తే నెత్తి లాగేది, అత్త వేస్తే నిద్రొచ్చేది. పెద్దకోడలు తెర మీదికి వచ్చినప్పుడు అత్త చేతుల్లో శెనక్కాయ చిట్లేది కాదు, అలాగే వేళ్ళ మధ్య ఉండిపోయేది.

పీర్ల పండగ దగ్గరపడి, మసీదు ముందు నిప్పులు పోసే ఆలావు గుండం తవ్వుతున్న రోజుల్లో కథ దారి తప్పింది. మరిది పట్నం పోయాడు. పోతే పోయాడు, కథ కూడా వాడి వెనకే పోయింది. ఆ వారం మొత్తం వాడూ, వాడి మోటారు సైకిలూ, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక పిల్లా. సర్లే, వచ్చే వారం పల్లె చూపిస్తారనుకున్నాం. వచ్చే వారం కూడా వాడే. ఆ పై వారం వాడి కాలేజీలో ఎలక్షన్లు. నాకు ఇప్పటికీ ఆ పిల్లవాడి మొహం తలచుకుంటే కోపమొస్తుంది. పాపం బాగానే నటించేవాడు. వాడి తప్పల్లా పెద్దకోడలు కాకపోవడమే.

వీధంతా తిట్లు లంకించుకుంది. ముందు ఖాజాబీ మీద పడ్డారు. "పెద్దకోడలేమయింది, సెప్పవేమే?" అని ఒకరు, "నువ్వు అన్నీ సెప్పడం లేదు" అని ఒకరు. ఆమె చేతులు తిప్పి, "ఆయమ్మ మాటే రాలేదమ్మా, నన్నేం సేయమంటారు?" అనేది. తర్వాత మల్లప్ప మీద పడ్డారు. ఆయన టీవీ కొన్నవాడే గానీ తీసినవాడు కాదని ఎవరికీ తోచలేదు. చివరికి ఆయనే, పల్లెలో కథ వేరే దిక్కునుంచి వస్తోందేమో, మన ఏంటెనా పట్నం వైపు తిరిగి ఉందేమో అని పెద్ద ఆలోచన చేసి, పంచె ఎగ్గట్టి మిద్దెక్కి ఇనుప గొట్టాన్ని ఆదోని వైపు తిప్పాడు. "వచ్చినాదా?" అని పైనుంచి అరుపు. తెర నిండా సన్న చుక్కలు. ఆ రోజు ఉన్న మరిది కూడా పోయాడు. "తిప్పన్నా, ఇంకొంచెం తిప్పు" అని కింద ఆడవాళ్ళు ఆశగా అంటూనే ఉన్నారు. టైము అయిపోయింది.

ఆ సాయంత్రం మా నాన్న చేత అర్జీ రాయించారు. నాన్న బడిపంతులు. ఇంగ్లీషులో నీటుగా, ఎమ్మిగనూరు ప్రజలు పెద్దకోడలి క్షేమం గురించి ఆందోళన చెందుతున్నారనీ, ఆమెను వెంటనే చూపించవలసిందనీ రాసి, ఢిల్లీ టీవీ ఆఫీసు అని పైన వేసి పోస్టు చేశాడు. జవాబు కోసం మల్లప్ప పోస్టుమాన్‌ను రోజూ అడిగేవాడు.

జవాబు రాలేదు గానీ ఆ వారమే ఆదోని నుంచి గౌరత్త బావగారు వచ్చాడు, అంటే ఆమె మొగుడికి అన్న. అరటిపళ్ళూ, మిఠాయి పొట్లమూ గూట్లో పెట్టి, నాన్నతో మెల్లగా చెప్పాడు. "తమ్ముడు ఆదోనికి వచ్చినాడు సార్. పత్తి మిల్లులో పనికి కుదిరినాడు, రూము గూడా తీసుకున్యాడు. రొట్టెకే శానా ఇబ్బంది పడతాండాడు. మీ సెల్లెల్ని పంపిస్తే..." ఆరేళ్ళూ ఎక్కడున్నాడో ఆయన చెప్పలేదు, మావాళ్ళు అడగలేదు. మా జేజి, అంటే నాన్న తల్లి, సంతోషంతో దేవుడికి దండం పెట్టింది. నాన్న "నీ ఇష్టమమ్మా" అన్నాడు, అప్పటికే ఆమె ట్రంకు పెట్టె అటక మీది నుంచి దింపుతున్నట్టున్న గొంతుతో. అత్త "ఆలోచించి సెప్తా" అంది. దీపావళి దాకా గడువు పెట్టారు.

నాకు భయం పట్టుకుంది. పదకొండేళ్ళదాన్ని. అత్త పోతే నా జడ ఎవరు వేస్తారని మొదట ఏడ్చాను. తర్వాత ఇంకో ఏడుపు వచ్చింది, దానికి పేరు తెలియలేదు. జేజి మాత్రం రోజూ రొట్టెల పొయ్యి దగ్గర కూర్చుని, "మొగుడు పిలిచినాక ఇంగ ఆలోచనేమే?" అని మొదలుపెట్టేది. అత్త రొట్టె తిరగేసేది.

ఆ తర్వాతి ఆదివారం తెర మీద మరిది కాలేజీ మెట్ల మీద కూర్చుని ఒక ఉత్తరం విప్పి చదువుకున్నాడు. ఖాజాబీ నిటారుగా కూర్చుంది. "ఊరినుంచి జాబొచ్చినాది. వదిన రాసినాది" అంది. అందరూ చాపల మీదే ముందుకు జరిగారు. "మీయన్న రమ్మని కబురు పంపినాడు. నేను రానని సెప్పినా. ఆరేండ్లు నేను సచ్చినానో బతికినానో అడగని మనిషికి ఇప్పుడు రొట్టె కాల్చేదానికి ఆడది కావాల్సి వచ్చినాదా? నాకు ఈడ పని ఉండాది, మర్యాదుండాది. నేను యాడికీ పోను."

ఆడవాళ్ళు మోకాళ్ళ మీద చరుచుకున్నారు. మల్లప్ప భార్య ఏడ్చింది. మల్లప్ప "శభాష్" అన్నాడు. మా జేజి అయితే ఒళ్ళోని కాయలన్నీ కింద పోసేసి, "మంచి పని సేసినాది. ఆ మాత్రం అనకపోతే వానికి బుద్ధి యట్ల వస్తాది? నా తల్లి, సల్లగుండు" అని తెరకే చేతులు చూపి మెటికలు విరిచింది.

నేనొక్కదాన్నే నోరెత్తలేదు. బడిలో అప్పటికి ఏడాదిన్నరగా హిందీ చదువుతున్నాను, మార్కులు కూడా మంచివే. ఆ ఉత్తరంలో పితాజీ అన్న మాట రెండు సార్లు విన్నాను, భాభీ అన్న మాట ఒక్కసారీ వినలేదు. అది ముసలాయన రాసిన ఉత్తరం. ఫీజు సంగతి. పైగా పెద్దకోడలి మొగుడు పోయి నాలుగేళ్ళయితే ఖాజాబీ ఆరంది. ఇంత తెలిసీ చెప్పలేదు, ఎందుకంటే చెబితే అత్త పోతుంది. పెద్దకోడలు పోనంటేనే అత్త పోకుండా ఉంటుందని నాకు ఎలాగో తెలిసిపోయింది. పుస్తకంలో అబద్ధమాడరాదని కాపీ రాసే చేత్తోనే ఆ అబద్ధాన్ని గట్టిగా పట్టుకున్నాను. తర్వాత రెండు ఆదివారాలూ జాబులొచ్చాయి. తెర మీద మరిది కాఫీ తాగుతుంటే కూడా ఖాజాబీ జాబు చదివింది.

దీపావళి ముందు జేజి ఓళిగలకు పూర్ణం రుబ్బుతుండగా గౌరత్త చెప్పేసింది. "నేను ఆదోనికి పోనమ్మా. అన్నా, వాళ్ళకు రాసేయి."

జేజి రుబ్బడం ఆపింది. "మొగుడు పిలిస్తే పోనంటే లోకమేమంటాదే?"

"లోకం మల్లప్పన్న ఇంట్లో ఏమనింది? నువ్వేమంటివి?"

జేజి నాన్న వైపు చూసింది. ఎమ్మిగనూరు ప్రజల తరఫున అర్జీ రాసిన నాన్న కళ్ళజోడు తీసి ధోవతి అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు. మర్నాడు కార్డు రాశాడు.

చలి ముదిరి, జాతర అంగళ్ళకు గుంజలు పాతుతున్న రోజుల్లో సీరియల్ అయిపోయింది. ఆఖరి వారం పెద్దకోడలు తిరిగొచ్చింది. ఆమె మొహం కనబడగానే గదిలో పెళ్ళికూతురు దిగినంత సందడి. అది చల్లారకముందే గుమ్మంలో మొగుడు నిలబడ్డాడు. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. అతని చెప్పుల దుమ్ము కొంగుతో తుడిచింది, కొట్టంలో పిల్లల పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చింది, ట్రంకు పెట్టె ఎత్తుకుని అతని వెనక బస్సెక్కింది. దీనికి ఖాజాబీ అక్కర్లేదు, అందరికీ అర్థమైంది. అందరూ ఖాజాబీ వైపు తిరిగారు. "రానని రాసినాదంటివే?"

"రాసినాది" అంది ఖాజాబీ, కొంగు సర్దుకుంటూ. "మనసు మార్చుకునింటాది."

ఇంటికొచ్చాక జేజి ఆగలేదు. "సూస్తివా, ఆయమ్మ గూడా పోయె." గౌరత్త పిండి ముద్ద పీట మీద పెట్టి తడుతూనే, "పోనీలేమ్మా. ఆయమ్మ పోయినాది, నేను పోను" అంది. రొట్టె గుండ్రంగానే వచ్చింది.

మధ్యాహ్నం జడ వేసేటప్పుడు ఇక ఆగలేక చెప్పేశాను, ఖాజాబీ చెప్పిన జాబులన్నీ అబద్ధమని, నాకు మొదటినుంచీ తెలుసని. అత్త ఇంకో పాయ అందుకుంది. "నేనే సెప్పమన్యా" అంది. "ఆయమ్మను యట్లా సూపించడం ల్యా. ఊరంతా ఆయమ్మ కబురు కోసం కాసుకోనుండ్య. నేను పోనంటే నన్ను కొడతారు, ఆయమ్మ పోనంటే మెచ్చుకుంటారు. ముందు మెచ్చుకోనీలే అనుకున్యా. జేజికి సెప్పొద్దు." జేజి పోయేదాకా చెప్పలేదు. నాకున్న మొదటి రహస్యం అదే, ఎంత గర్వంగా దాచుకున్నానో.

మొన్న ఎమ్మిగనూరు వెళ్ళాను. మల్లప్ప ఇంట్లో మగ్గం గుంటలు పూడ్చి బండలు పరిచారు, ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తారు. ఖాజాబీ పోయి చాలా ఏళ్ళయింది. మలారం మోసే మనిషి ఆ వీధిలో ఎవరూ కనబడలేదు. ఆదివారం పొద్దున వీధి నిశ్శబ్దంగా ఉంది, ఎవరి తలుపులు వాళ్ళు వేసుకుని ఎవరి తెర వాళ్ళు చూసుకుంటున్నారు. అన్నీ తెలుగులోనే మాట్లాడుతున్నాయి కాబట్టి ఏమందని ఒకరినొకరు అడగాల్సిన పని లేదు. గౌరత్త తన రెండు గదుల ఇంట్లో, ఇన్నేళ్ళూ కండెలు చుట్టి గట్టిపడిన వేళ్ళతో నాకు కాఫీ ఇచ్చి, తనూ ఏదో సీరియల్ చూస్తోంది. అందులో అసలు కథానాయికను నెలల తరబడి చూపించడం లేదట. నాకు పాత కోపం లేచింది. ఇన్నేళ్ళుగా అడగాలనుకుని అడగని మాట అడిగాను. అంత ధైర్యమున్న మనిషి, పిల్లలకు చదువు చెప్పిన మనిషి, ఆ పెద్దకోడలు నోరెత్తకుండా ఎందుకు పోయిందత్తా అన్నాను.

అత్త టీవీ సౌండు తగ్గించింది.

"ఏం సేస్తాదే పాపం" అంది. "ఆయమ్మకు ఖాజాబీ వంటి మనిషి ల్యాకపాయె."