పెద్దమ్మ విప్పిన పైకప్పు

నా చిన్నప్పుడు చలికాలం వస్తోందంటే మా అమ్మ ముఖంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. పాకాలలో మేము అద్దెకున్న ఇల్లు అలాంటిది. బెల్లం వ్యాపారం చేసే ఒకాయన తన ఇంటి వెనక గోడకు ఆనించి వేసిన ఒంటిగది అది. మట్టి గోడలు, పైన నాటు పెంకులు. కోతులు దూకి దూకి పెంకులు చాలావరకు పగిలిపోయాయి. ఉత్తరపు గోడ అడుగున మట్టి రాలిపోయి చెయ్యి పట్టేంత సందులు పడ్డాయి. ఎండాకాలంలో ఆ సందుల్లోంచి వచ్చే గాలి హాయిగానే ఉండేది. కార్తీకంలో వానలు పట్టుకుంటే మాత్రం పైనుంచి నీళ్లు, పక్కనుంచి ఈదరగాలి.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మా నాయన పటాలంలో చేరి ఎక్కడో దూరదేశంలో ఉన్నాడు. ఉన్నాడో లేడో కూడా మాకు తెలియదు. అమ్మ విస్తళ్లు కుట్టి స్టేషను దగ్గర హోటలుకు వేసి మమ్మల్ని సాకేది. నాకప్పుడు తొమ్మిదేళ్లు, మా తమ్ముడికి మూడు. వాడికి పుట్టినప్పటి నుంచీ ఆయాసం. కిందటి చలికాలంలో వాడి పెదాలు నల్లబడిపోయి, ఎగశ్వాస తీస్తుంటే ఇక దక్కడనే అనుకున్నాం. ఎలాగో గట్టెక్కాడు. ఆస్పత్రిలో డాక్టరమ్మ, ఈ బిడ్డకు తేమ తగలకూడదు, ఇంకోసారి ఇలా అయితే నా చేతుల్లో ఏమీ లేదు అని చెప్పి పంపింది. ఆ మాట అమ్మ గుండెలో ముల్లులా దిగబడిపోయింది.

అందుకే దసరా వెళ్లగానే అమ్మ ఇంటాయన దగ్గరికి పోయి పెంకులు మార్చమని అడిగింది. ఆయన చెడ్డమనిషని నేను చెప్పలేను. తమ్ముడు కనబడితే పిలిచి చేతిలో బెల్లం ముక్క పెట్టేవాడు. కానీ ఇంటి మాటెత్తితే మాత్రం, "యుద్ధం నాడు పెంకులు యాడ దొరకతాయమ్మా? కట్టెల్లేక కుమ్మరోళ్లు పెంకులు కాల్చే ఆవం ఆర్పేసినారు. కొంచెం ఓర్సుకో" అనేవాడు. అమ్మ తల వంచుకుని వచ్చేసేది. నాలుగు రోజులు ఆగి మళ్లీ పోయేది. వాళ్ల గడప దగ్గర కొంగు మెలిపెడుతూ నిలబడి, ఆయన లెక్కలు ముగించి తలెత్తేదాకా కాచుకునేది. పక్కన నేనుంటే నావైపు చూసేది కాదు.

ఆకాశం మబ్బులు పట్టడం మొదలయ్యాక అమ్మ తనకు చేతనైన పనులన్నీ చేసింది. పుట్టమన్ను తెచ్చి వరిగడ్డి కలిపి తొక్కి గోడ సందులు పూడ్చింది. చూరుకు గోనెపట్టాలు కట్టింది. పగుళ్ల మీద తాటాకులు కప్పి రాళ్లు పెట్టింది. మొదటి జల్లుకే తాటాకులు గాలికి లేచిపోయాయి. గోనెపట్టాలు నీళ్లు పీల్చుకుని బరువెక్కి కిందపడ్డాయి. తమ్ముడికి ఆ సాయంత్రమే పిల్లికూతలు మొదలయ్యాయి.

మరునాడు తెల్లవారేసరికి తూర్పున మబ్బు నల్లగా దిగి ఉంది. తుపాను వస్తోందని స్టేషనులో చెప్పుకుంటున్నారు. ఇంటాయన పొద్దున రైలుకే చిత్తూరు పోయాడు. అమ్మ కాసేపు పైకప్పు వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి రెండు దుప్పట్లు, గంజి ముంత మూట కట్టింది. తమ్ముణ్ణి చంకనేసుకుని నన్ను రమ్మంది. నేను మూట అందుకుని వెనకాలే నడిచాను.

ఇంటాయన భార్య వాకిట్లో చాట పట్టుకుని ఉంది. ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. భారీ మనిషి, మోకాళ్ల నొప్పులు. మొగుడి ముందు నోరెత్తి మాట్లాడగా నేను చూడలేదు.

"యాడికి పోతా ఉండావు, పిల్లోళ్లను ఎత్తుకోని?" అంది.

"టేసనుకక్కా. ఆడ పైన రేకులుండాయి" అంది అమ్మ. గొంతులో ఏడుపు కూడా లేదు. అంత ఎండిపోయింది.

పెద్దమ్మ చాట కింద పెట్టింది. తమ్ముడి ఎదుర్రొమ్ము మీద చెయ్యి వేసి చూసింది. తర్వాత పశువుల కొట్టంలోకి పోయి నిచ్చెన ఈడ్చుకొచ్చింది. దాన్ని తన ఇంటికే ఆనించి, మోకాళ్లు పట్టుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కింది. ఆమె, ఇంటాయన పడుకునే గది పైనున్న పెంకుల్ని తియ్యడం మొదలుపెట్టింది.

అమ్మ నిచ్చెన కాలు పట్టుకుంది. "వద్దక్కా, ఆయన వొస్తే మమ్మల్ని ఎల్లగొట్టేస్తాడు" అని బతిమాలింది.

"వొచ్చినప్పుడు నేను సెప్పుకుంటా. పాపను కింద నిలబెట్టి అందుకోమను. వాన మీదికొస్తా ఉండాది" అంది పెద్దమ్మ.

ఆమె తీసింది, నేను అందుకున్నాను, అమ్మ మా గది మీదికెక్కి పేర్చింది. ముగ్గురికీ చేతులు గీరుకుపోయాయి. పని అయ్యాక పెద్దమ్మ ఎండు వరిగడ్డి తెచ్చి మా గదిలో మందంగా పరిచింది. కుంపటిలో నిప్పులు పోసి పెట్టింది. మధ్యాహ్నానికి వాన విరుచుకుపడింది. మా గదిలో ఒక్క చుక్క పడలేదు. తమ్ముడు ఆ గడ్డి మీద నిద్రపోయాడు. అమ్మ మాత్రం నిద్రపోలేదు, వీధి తలుపు చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చుంది.

చీకటి పడే వేళకు ఆయన తడిసి ముద్దయి వచ్చాడు. మధ్య గోడ పల్చన, మాటలన్నీ వినబడ్డాయి.

"పైన పెంకులేమైనాయి?"

"ఎనకింటికి ఏసినాము."

"నన్నొక మాట అడగొద్దా?"

"ఆయమ్మ దసరా కాణ్ణించి అడగతానే ఉండాది కదా. మళ్లీ నేను యాల అడగల్ల?"

అమ్మ నా చెయ్యి నలిగిపోయేంత గట్టిగా పట్టుకుంది. తర్వాత మంచం ఈడ్చిన చప్పుడైంది. తడవని మూలకి జరుపుకున్నారన్నమాట. పొద్దున నేను తొంగి చూస్తే ఇద్దరూ ఆ మూల ఒక్క మంచం మీద ముడుచుకుని కూర్చుని ఉన్నారు, గది నిండా నీళ్లు. పెద్దమ్మ నన్ను చూసి, తమ్ముడు ఎట్లున్నాడని చేత్తోనే అడిగింది.

వాన తెరిపిచ్చిన రోజే ఇంటాయన పూతలపట్టు పోయి, ఎవరో పడగొట్టిన పాతింటి పెంకులు బండి నిండా వేయించుకొచ్చాడు. మమ్మల్ని ఏమీ అనలేదు. అమ్మను చూస్తే మాత్రం కొన్నాళ్లు తల తిప్పుకునేవాడు. తమ్ముడికి ఆ చలికాలంలో కూడా ఆయాసం వచ్చింది, కానీ పెదాలు నల్లబడలేదు. యుద్ధం ముగిశాక మా నాయన తిరిగి రాలేదు. అమ్మకు మేమిద్దరం మిగిలాం.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. మా ఇంటి వెనక గదుల్లో చిన్న సంసారం ఒకటి అద్దెకుంటోంది. కార్తీకానికి ముందే కర్ర పట్టుకుని పోయి గోడలు తడిమి, పైకప్పు చూసి, కావలసింది చేయించి వస్తాను. వాళ్లేమీ అడగలేదు కదా అని మా పిల్లలు నవ్వుతారు. బిడ్డను కాపాడుకోవడానికి ఒక తల్లి పరాయి గడప దగ్గర నిలబడి అడగడం ఎలా ఉంటుందో వాళ్లు చూడలేదు. నేను చూశాను. నా గడప దగ్గర ఎవరినీ అలా నిలబడనివ్వను.