బాలింతకని వచ్చిన కోడి

మా ఇంట్లో కోడిగుడ్డు కూడా ఉడకదు. మావగారి హయాంలో విజయనగరం వైపు నుంచి అరకు దగ్గరి డుంబ్రిగుడ వచ్చి కిరాణా కొట్టు పెట్టుకున్న కుటుంబం మాది. చుట్టుపక్కల ఎవరి పెరట్లో చూసినా కోళ్ళే. మా పెరట్లో మాత్రం కరివేపాకు, బంతిమొక్కలు, ఒక పనస చెట్టు. అలాంటి ఇంటికి కోడి వచ్చిందంటే అది నా కాన్పు మూలంగానే.

పాప పుట్టిన కొత్తలో, ప్రతి సంతకీ కొండ మీది ఊరి నుంచి పసుపు, పిప్పళ్ళు తెచ్చి మా కొట్లో ఉప్పూ సబ్బులూ కొనుక్కెళ్ళే ఒకామె నన్ను చూడ్డానికి వచ్చింది. చంకలో బూడిదరంగు పెట్ట ఉంది. "బాలింతకి పులుసెట్టండమ్మా, బలం వత్తాది" అంటూ మా అత్తయ్య చేతికి ఇవ్వబోయింది. అత్తయ్య రెండడుగులు వెనక్కి వేశారు. మేం తినమని ఆమెకు తెలియక కాదు, బాలింతకైతే తప్పు లేదనుకుంది. కాదంటే నొచ్చుకుంటుందని మా ఆయన దాన్ని అందుకుని పెరట్లో వదిలారు.

కొయ్యలేం, తిరిగి ఇవ్వలేం. అది అక్కడే ఉండిపోయింది. పక్కింటి పుంజు పుణ్యమా అని పొదిగి పిల్లల్ని లేపింది. నాలుగేళ్ళు తిరిగేసరికి పెరడంతా కోళ్ళే. గుడ్లు ఇరుగుపొరుగుకి పంచేవాళ్ళం. అత్తయ్య మాత్రం దేన్నీ దగ్గరికి రానిచ్చేవారు కాదు. రెక్క తగిలితే చాలు, నీళ్ళు కాచుకుని స్నానం చేసేవారు.

ఆ చలికాలం ఒక పొద్దున్న నేను కొట్టు తెరవబోతుంటే అత్తయ్య పిలిచారు.

"నీ కోడికేటో అయిందే. ఇంకా గంపలోంచి రాలేదు. బేగి సూడు."

అత్తయ్య పెరటి మెట్టు మీద కూర్చుని కాఫీ తాగేటప్పుడు ఆ బూడిదరంగు పెట్ట రోజూ ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడుతుందనీ, బిస్కెట్టు ముక్క పెట్టేదాకా కదలదనీ ఆ రోజే నాకు తెలిసింది.

గంపలో ఈకలన్నీ ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. ఎత్తుకుంటే మెడ కింద, మేత నిలిచే సంచి దగ్గర, రాయిలా గట్టిగా తగిలింది. అరకులో పశువుల డాక్టరుకి ఫోన్ చేశాను. ఆయన ఏదో ఊళ్ళో పశువులకు టీకాలు వేయిస్తున్నారు. మేత పెట్టొద్దన్నారు. రెండు చుక్కల నూనె తాగించి, గట్టిగా ఉన్నచోట మెల్లగా మర్దన చెయ్యమన్నారు. తగ్గకపోతే మర్నాడు తీసుకురమ్మన్నారు.

నూనె పట్టడానికి నేను ముక్కు తెరవబోతే అది విదిలించుకుంది. నూనె నా చీర మీద ఒలికింది. పైగా అది సంత రోజు. మా ఆయన సరుకు కోసం విశాఖ వెళ్ళారు. కొట్టు ముందు అప్పుడే జనం పోగయ్యారు. అత్తయ్య మెట్టు మీద నుంచి నన్నే చూస్తున్నారు.

"ఇలా ఇయ్యి. నువ్వు దాన్ని సంపేసేలా ఉన్నావు."

"మీరా అత్తయ్యా?"

"మరెవరు? నువ్వెళ్ళి బేరాలు సూసుకో. ఇక్కడేటి సేత్తన్నావు?"

పొయ్యి పక్కన పీట వేసుకుని, కాళ్ళు బారజాపుకుని, మోకాళ్ళ మీద పాత దుప్పటి పరుచుకున్నారు. నా కూతురికి పసితనంలో నూనె రాసింది ఆ కాళ్ళ మీదే. కోడిని కూడా అలాగే పడుకోబెట్టుకున్నారు. బొటనవేలు నూనెలో ముంచి సంచి చుట్టూ రాస్తుంటే అది కాసేపు గింజుకుని, తర్వాత మెడ వాల్చేసింది. నేను కొట్లోంచి ఎప్పుడు తొంగి చూసినా వంటింట్లోంచి చిన్నగా కూనిరాగం వినిపిస్తూనే ఉంది. పాప పక్కనే చతికిలబడి, కోడికి జ్వరం వచ్చిందా అని అడుగుతోంది.

మధ్యాహ్నం కోడినిచ్చినామె సంత ముగించుకుని వచ్చింది. వంటింటి గుమ్మంలోంచి చూసి నవ్వింది.

"ఇది ముసిలిదైపోనాది అమ్మా. బాగున్నప్పుడే కోసుకోవలసింది. ఇంకేటి పనికొస్తాది?"

"పని కోసమేటి? దానికి ఒంట్లో బాగోలేదు గానీ" అన్నారు అత్తయ్య, తల ఎత్తకుండా.

ఆమె చేతిసంచి గుమ్మం దగ్గర పెట్టి, వచ్చి ఎదురుగా కూర్చుంది. కోడి కాళ్ళు రెండూ పట్టుకుంది. సంత జీపు హారన్ కొట్టేదాకా ఇద్దరూ అలాగే కూర్చుని, మోకాళ్ళ నొప్పుల గురించీ, ఈసారి పడ్డ మంచు గురించీ మాట్లాడుకున్నారు.

మర్నాటికి సంచి కొంచెం మెత్తబడింది కానీ దిగలేదు. పొద్దున్నే ఊరి నుంచి దిగిన మా ఆయన్ని, కాఫీ అయినా తాగకముందే అత్తయ్య బండి తియ్యమన్నారు. చలిలో మీరెందుకమ్మా, నేను తీసుకెళ్తాను కదా అని ఆయన అన్నారు.

"నీ సేతిలో అది ఉండదు" అని, శాలువా కప్పుకుని, గంప ఒళ్ళో పెట్టుకుని, వెనక కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పులని గుడికి కూడా ఆటోలోనే వెళ్ళే మనిషి.

తర్వాత జరిగింది మా ఆయన చెప్పారు. డాక్టరు మత్తు సూది వేసి చిన్న గాటు పెట్టారట. ఎండుగడ్డితో చుట్టుకుపోయిన ప్లాస్టిక్ దారపు ఉండ బయటికి వచ్చిందట. అది మా కొట్లో బస్తాల మూతులకు కుట్టే దారమే. మూటలు విప్పినప్పుడల్లా మా ఆయన పెరట్లోకి విసిరేస్తుంటారు. అత్తయ్య కోడి రెక్కలు అదిమి పట్టుకుని, మొహం గోడవైపు తిప్పుకుని నిలబడ్డారట. కుట్లు వేయడం అయ్యాక దారపు ఉండ వంకా కొడుకు వంకా ఒకసారి చూశారట. దారి పొడవునా ఒక్కమాట మాట్లాడలేదని, తిట్టినా బాగుండేదని ఆయన వాపోయారు. ఆ సాయంత్రం టార్చి తీసుకుని పెరడంతా దారప్పోగులు ఏరారు.

కుట్లు మానేదాకా కోడి మకాం వంటింట్లోనే, పొయ్యి వెనక. పల్చటి చోడి జావ, అదే రాగి జావ, అత్తయ్యే పట్టేవారు. మొదట్లో కోడిని తాకినప్పుడల్లా స్నానం చేసేవారు. తర్వాత కాళ్ళు కడుక్కునేవారు. ఆ తర్వాత చేతులు కడుక్కుని సరిపెట్టుకున్నారు. నేను చూడనట్టే ఉండేదాన్ని. ఒక మధ్యాహ్నం అది దానంతట అదే లేచి, మెట్లు దిగి, బంతిమొక్కల కింద మట్టి గీరడం మొదలుపెట్టింది. అత్తయ్య చేస్తున్న పని ఆపి, గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశారు.

ఆ తర్వాత అది గుడ్డు పెట్టలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఈ ఏడు చలికి తట్టుకోలేక అత్తయ్య పల్లంలో ఉన్న మా ఆడపడుచు ఇంటికి వెళ్ళారు. నిన్న ఫోన్ చేశారు. పాప బడికి స్వెట్టరు వేసుకుని వెళ్తోందా అని అడిగారు. మా ఆయన దగ్గు ఎలా ఉందో అడిగారు. కోడికి నూకలు నానబెట్టి పెడుతున్నానా, వట్టివే పడేస్తున్నానా అని అడిగారు. నానబెట్టే పెడుతున్నానన్నాను. వేడినీళ్ళలోనా, చన్నీళ్ళలోనా అన్నారు. వేడినీళ్ళలోనే అత్తయ్యా అన్నాను. ఫోన్ పెట్టేసి వెళ్ళి నీళ్ళు కాచాను.